కుక్క మూతి నిండా ముళ్లపంది ముళ్లు: అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నం పెరిగి పెరిగి కొండల అంచుకు చేరింది. మధురవాడ, ఆరిలోవ, అడవివరం వైపు చాలా ఇళ్లకు వెనకగోడ దాటితే కంబాలకొండ, సింహాచలం కొండల పొదలే. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు జీడిమామిడి తోటలు, కూరగాయల మళ్లు. అక్కడి నుంచి తెల్లవారుజామున నా దగ్గరికి వచ్చే కుక్కల్లో కొన్నింటిని గుమ్మంలోనే గుర్తుపడతాను. నోరు మూయలేక చొంగ కారుస్తూ, ముందుకాలితో మూతి గీరుకుంటూ ఉంటాయి. రాత్రి ముళ్లపందితో తలపడి వచ్చిన కుక్కలు అవి. ఏదుపంది అన్నా ఇదే జంతువు.

పశువైద్యుడిగా ఈ కేసులు చూసి చూసి నాకు బాగా అర్థమైన సంగతి ఒకటి ఉంది. బయటికి కనిపించే ఇరవై ముళ్లకంటే లోపల విరిగి ఉండిపోయిన ఒక్క ముల్లు ప్రమాదం. ఖర్చు పెంచేదీ అదే. అది లోపల ఉండిపోవడానికి కారణం చాలావరకు మన తొందరపాటు, లేదంటే మన ఆలస్యం. ఆ రెండింటి వెనకా కొన్ని గట్టి నమ్మకాలు ఉన్నాయి.

అపోహ: ముళ్లపంది ముళ్లను బాణాల్లా విసురుతుంది.

విసరలేదు. ముల్లు అంటే గట్టిపడిన వెంట్రుకే. మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారవుతుంది. చర్మంలో వదులుగా నాటుకుని ఉంటుంది కాబట్టి ఎదుటి జంతువుకు దిగబడగానే ఊడి అక్కడే ఉండిపోతుంది. అంటే తాకితేనే ప్రమాదం. పైగా ముళ్లపంది ముందుగా హెచ్చరిస్తుంది. ముళ్లు నిక్కబొడుచుకుంటుంది, కాళ్లు నేలకేసి కొడుతుంది, గుర్రుమంటుంది, తోక ఆడిస్తుంది. తోక చివరి ముళ్లు బోలుగా ఉంటాయి. ఎండిన కాయలో గింజలు ఆడినట్లు గలగలమంటాయి. ఆ చప్పుడు విని ఆగే కుక్కలు తక్కువ. అప్పుడది వీపు తిప్పి వెనక్కి దూసుకొస్తుంది. పైన కనిపించే పొడవాటి ముళ్లు భయపెట్టడానికి ఎక్కువగా పనికొస్తాయి. లోతుగా దిగేవి నడుం వెనక వాటి కింద దాగి ఉన్న పొట్టి, లావు ముళ్లు. కుక్క నోరు తెరిచి ముందుకు ఉరుకుతుంది కాబట్టి మూతి, నాలుక, ఛాతీ, ముందుకాళ్లు దెబ్బతింటాయి. ఆ గలగల వినిపించిన క్షణంలో కుక్క మెడకు తాడు ఉంటే వెనక్కి లాగవచ్చు. తాడు లేకపోతే మన కేక దాని చెవికెక్కదు.

అపోహ: ముల్లు కొసన గాలపు కొక్కేల్లాంటివి ఉంటాయని ఇంటర్నెట్‌లో రాశారు. మన ముళ్లపందికీ అంతే.

అక్కడ రాసింది ఉత్తర అమెరికా ముళ్లపంది గురించి. దాని ముల్లు కొసన కంటికి కనిపించని వెనుతిరిగిన పొలుసులు ఉంటాయి. అందుకే అది తేలిగ్గా దిగి, కష్టంగా వస్తుంది. మన దేశపు ముళ్లపంది వేరే కుటుంబానికి చెందినది. 11 నుంచి 18 కిలోల వరకు తూగుతుంది. దాని ముళ్లకు ఆ పొలుసులు లేవు. ఇది విని కొందరు ఊపిరి పీల్చుకుంటారు, అయితే లాగేయవచ్చుగా అంటారు. మన ముళ్లపంది ముల్లు లావు, గట్టిదనం చూస్తే ఆ మాట అనరు. అది పొడిచిన లోతు ఎక్కువ. కొస పెళుసుగా విరుగుతుంది. విరిగిన ముక్కను కండరాల కదలికే లోపలికి నెట్టుకుంటూ పోతుంది.

అపోహ: ముల్లును మధ్యకు కత్తిరిస్తే లోపలి గాలి పోయి మెత్తబడుతుంది.

ముల్లు బుడగ కాదు. కత్తిరిస్తే నిలువునా చీలుతుంది, పట్టుకోవడానికి మొదలు మిగలదు. దయచేసి కత్తెర పెట్టకండి.

అపోహ: నాలుగు ముళ్లే కదా, ఇంట్లోనే పీకేస్తే డాక్టరు ఖర్చు మిగులుతుంది.

ఒక కేసు చెబుతాను. ఆనందపురం వైపు జీడిమామిడి తోటకు కాపలా ఉండే పెద్దాయన తన నాటు కుక్కను తువ్వాలులో చుట్టి ఆటోలో తెచ్చాడు. రాత్రి ఇద్దరు మనుషులు కుక్కను నేలకు అదిమిపెట్టగా కటింగ్ ప్లేయరుతో పదకొండు ముళ్లు పీకారట. వాటిని న్యూస్‌పేపరులో పొట్లం కట్టి తెచ్చాడు. నిజానికి ఆ పొట్లం ఎంతో ఉపయోగపడింది. బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూశాను. తొమ్మిదింటికి కొస నల్లగా, సూదిగా ఉంది. రెండింటికి కొసే లేదు.

"డాక్టరుగారూ, అన్నీ తీసేశాం. పసుపు కూడా పెట్టాం" అన్నాడు.

ఆ పసుపే నాకు అడ్డం వచ్చింది. ముఖమంతా గట్టిగా ఎండిపోయింది. తడిగుడ్డతో నానబెట్టి తుడిస్తేనే గాని రంధ్రాలు కనిపించలేదు. మత్తు ఇచ్చి నోరు తెరిచి చూస్తే నాలుక కింద ఒక ముక్క దొరికింది. రెండో ముక్క ఆ రోజు దొరకలేదు. మళ్లీ రమ్మన్నాను. కుక్క తిండి తింటోంది కదా అని ఆయన రాలేదు. మూడు వారాలకు భుజం మీద కోడిగుడ్డంత చీముగడ్డతో వచ్చాడు. ఛాతీలో దిగిన ముక్క అక్కడిదాకా నడిచింది. స్కానింగ్, రెండు ఆపరేషన్లు, రోజు విడిచి రోజు కట్లు. ముందుగా తెచ్చి ఉంటే ఒక్క మత్తు ఇంజక్షనుతో, గంటలోపు పనితో పోయేది. ఆయన నెల జీతం దాటిపోయింది. బిల్లు రాసేటప్పుడు నా చెయ్యి ఆడలేదు.

ముల్లును ముల్లుతోనే తీయాలని సామెత. ఈ ముల్లును మత్తుతో తీయాలి. మెలకువగా ఉన్న కుక్క తల విదిలిస్తుంది, ఆ విదిలింపులోనే ముల్లు విరుగుతుంది. మత్తులో ఉంటే చర్మానికి ఆనించి ఫోర్సెప్స్‌తో పట్టుకుని, దిగిన దారినే నిటారుగా తీయగలం. నాలుక కింద, అంగిట్లో, కాలివేళ్ల మధ్య, చంకల్లో చేత్తో తడిమి వెతకగలం. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. కరిస్తే పంటిగాటును సబ్బు పెట్టి పదిహేను నిమిషాల పాటు ధారగా పడే నీటితో కడగండి. మన కుక్కే కదా అనుకోకుండా అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: రేపు చూద్దాం, ముళ్లు వాటంతట అవే రాలిపోతాయి.

కొన్ని రాలుతాయి. రాలనివి ప్రయాణిస్తాయి. కెనడాలో ముళ్లు గుచ్చుకున్న 296 కుక్కల రికార్డులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 24 గంటలు దాటాక తెచ్చిన కుక్కలకు తర్వాతి చిక్కులు ఎక్కువని తేలింది. అది అమెరికా జాతి ముళ్లపంది అయినా ఆలస్యం విషయంలో నా అనుభవమూ అదే. ఛాతీలోకి దిగిన ముల్లు ఊపిరితిత్తిని పొడిస్తే చుట్టూ గాలి చేరి కుక్కకు ఊపిరి అందదు. కీలులోకి పోతే కుంటితనం. కన్ను దగ్గర దిగితే చూపు. ముల్లు ఛాతీలోనో కంటిలోనో ఉంటే దాన్ని అసలు ముట్టుకోకుండా తీసుకురండి.

దారిలో చేయాల్సింది కొంచెమే. మూతి గీరుకోనివ్వకుండా ముందుకాళ్లు పట్టుకోండి. నోట్లో ముళ్లుంటే మూతికట్టు వేయకండి, ఆ ముళ్లు ఇంకా లోపలికి పోతాయి. అన్నం పెట్టకండి, కడుపు నిండి ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదం. ఫోనులో ఒక ఫోటో తీయండి. ఊడిన ముళ్లుంటే ఆ పెద్దాయనలా పొట్లం కట్టి తెండి. దూరపు ఊరి నుంచి బయలుదేరుతుంటే ముందు డాక్టరుకు ఫోను చేసి, ఏ ముల్లు ఎక్కడ ఉందో చెప్పండి.

అపోహ: వెనిగర్, వంటసోడా, కిరోసిన్ పూస్తే ముల్లు జారిపోతుంది.

ఏదీ పనిచేయదు. కిరోసిన్ పుండును కాలుస్తుంది, కుక్క నాకితే కడుపులోకీ పోతుంది.

అపోహ: మనం వేసుకునే నొప్పి మాత్ర సగం ఇస్తే చాలు.

ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ మోతాదు కొంచెం దాటినా కాలేయానికి చేటు. ప్రేమతో ఇచ్చిన మాత్రకు ముళ్లకంటే ఎక్కువ వైద్యం చేయాల్సి వచ్చిన రోజులు ఉన్నాయి.

అపోహ: ముళ్లలో విషం ఉంటుంది.

విషం లేదు. మట్టి, సూక్ష్మజీవులు ఉంటాయి. చీము వాటివల్లే.

అపోహ: ఎక్స్‌రే తీస్తే అన్నీ కనిపిస్తాయి.

కెరటిన్ ఎముకలా కనిపించదు. ముక్క మెత్తని కండలో ఉంటే ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు. అల్ట్రాసౌండ్ కొంత నయం. అందుకే చికిత్స తర్వాత కొన్ని వారాల పాటు రోజూ చేత్తో ఒళ్లంతా తడమమని చెబుతాను. కొత్తగా బుడిపె వచ్చినా, కుంటినా, దగ్గినా, తిండి తగ్గినా వెంటనే రావాలి.

అపోహ: ఒకసారి తగిలితే కుక్క మళ్లీ జోలికి పోదు.

నేను ఒకే కుక్కకు మూడుసార్లు ముళ్లు తీశాను. నొప్పిని గుర్తుపెట్టుకుని దూరంగా ఉండే కుక్కలు ఉంటాయి, ఇంకా కసిగా మీదపడేవీ ఉంటాయి. మీది ఏ రకమో పరీక్షించే పని పెట్టుకోవద్దు.

అపోహ: వేట కుక్కకు ఇవన్నీ మామూలే.

పులికే మామూలు కాలేదు. 1910లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్ పులి 24 మందిని పొట్టనబెట్టుకుంది. ముళ్లపందితో తలపడి ఒక కన్ను పోగొట్టుకుని, ముందుకాలిలో సుమారు యాభై ముళ్లు దిగి, మామూలుగా వేటాడలేని స్థితికి వచ్చాకే అది మనుషుల మీద పడింది. ఇరవై కిలోల కుక్క ఎంత?

ఇంకో మాట సూటిగా చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ముళ్లపందిని వేటాడటం నేరం. చంపడమే వేట అనుకోకండి. ఉచ్చు పెట్టడం, తరమడం, కుక్కలను ఉసిగొల్పి వెంటాడించడం కూడా చట్టం దృష్టిలో వేటే. కుక్క ఎలా గాయపడిందో నా దగ్గర దాచకండి, అది తెలిస్తేనే ఎక్కడెక్కడ వెతకాలో నాకు తెలుస్తుంది. మళ్లీ ఉసిగొల్పవద్దని మాత్రం ప్రతిసారీ చెబుతాను.

ముళ్లపంది పగలు బొరియలో ఉంటుంది, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. దుంపలు, వేళ్లు, బెరడు, రాలిన పండ్లు తింటుంది. ఎముకలను కూడా కొరుకుతుంది. తోటగట్టు మీద పెద్ద బొరియ, దాని ముందు పళ్లగాట్లున్న ఎముకలు, రాలిన ఒకటి రెండు ముళ్లు కనిపిస్తే అటువైపు కుక్కను పగలు కూడా వదలవద్దు, బొరియలో దూరిన కుక్కకు వెనక్కి తిరిగే చోటుండదు. ఇంటి దగ్గర రాలిన పనస, జీడిమామిడి పండ్లను సాయంత్రానికి ఎత్తేయండి. కంచెకు వల కడితే అడుగుభాగాన్ని మట్టిలోకి దింపండి, ముళ్లపంది తవ్వి దూరుతుంది. అన్నింటికంటే చవకైన ఉపాయం, పొద్దు గుంకాక కుక్కను కట్టేయడం.

ఆ పెద్దాయన కుక్క బతికింది. మొన్న పిచ్చికుక్క టీకాకు తెచ్చినప్పుడు భుజం మీద వెంట్రుకలు మొలవని మచ్చ తడిమి చూశాను, గట్టిగా ఏమీ తగల్లేదు. ఇప్పుడు తోటలో పాక పక్కన రేకు గూడు కట్టాడట. దీపం పెట్టే వేళకు గూడు తలుపు వేస్తానని, కుక్క లోపలి నుంచే మొరుగుతుందని చెప్పాడు.