పే స్లిప్‌లో ఇన్ని అలవెన్సులు ఎందుకొచ్చాయి?

మాదాపూర్‌లో చిన్న ఐటీ కంపెనీ అయినా, కూకట్‌పల్లిలో పాతిక మందితో నడిచే షోరూమ్ అయినా, ₹25,000 జీతం ఉన్నవాళ్ల పే స్లిప్ చాలాచోట్ల ఇలాగే ఉంటుంది: బేసిక్ ₹8,000, మిగతాదంతా హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్, స్పెషల్ అలవెన్స్. ఆ స్పెషల్ అలవెన్స్ దేనికిస్తున్నారని అకౌంటెంట్‌ని అడిగి చూడండి, నవ్వి ఊరుకుంటాడు.

ఇదంతా 1952 పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) చట్టంతో మొదలైంది. అప్పట్లో అది సిమెంటు, సిగరెట్లు, బట్టల మిల్లుల్లాంటి 6 పరిశ్రమలకే, అదీ 50 మంది ఉన్న ఫ్యాక్టరీలకే వర్తించేది. తర్వాత షాపులూ ఆఫీసులూ చేరాయి, 20 మంది ఉంటే చాలన్నారు. పీఎఫ్ కట్టాల్సి వచ్చేది బేసిక్, డీఏ (కరువు భత్యం) మీద. హెచ్‌ఆర్‌ఏ, బోనస్, ఓవర్‌టైమ్, కమిషన్ ఆ లెక్కలోకి వచ్చేవి కావు. ఈ సందు దొరికాక యజమానులు ఊరుకుంటారా? బేసిక్ కోసేసి, కోసిన ముక్కకి ఏదో ఒక అలవెన్స్ పేరు పెట్టారు. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే మొత్తం) కూడా బేసిక్, డీఏ మీదే లెక్కేసేవారు కాబట్టి అక్కడా మిగులే. ఉద్యోగులు కూడా పెద్దగా గొడవ చేయలేదు, నెల తిరిగేసరికి చేతికి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి కదా.

అందరికీ ఒకేలా ఇచ్చేది ఏ పేరుతో ఇచ్చినా బేసిక్ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పాక, బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసు నుంచి నోటీసు వస్తుందేమోనన్న టెన్షన్ మొదలైంది. అప్పటికీ చాలామంది ₹15,000 పరిమితిని అడ్డం పెట్టుకున్నారు, అంతకు మించిన జీతం మీద పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి. కానీ ₹8,000 బేసిక్ చూపించేవాళ్లకి ఆ సాకు ఎలా పనికొస్తుంది?

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినదంతా వేతనంలో, అంటే పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కించే మొత్తంలో, కలిపి లెక్కేయాలి. అంటే మన ₹25,000 జీతంలో వేతనం కనీసం ₹12,500. యజమాని 12 శాతం వాటా నెలకి ₹960 నుంచి ₹1,500 అవుతుంది, ఉద్యోగి వాటా కూడా అంతే పెరుగుతుంది. అయిదేళ్ల సర్వీసుకి గ్రాట్యుటీ దాదాపు ₹23,000 నుంచి ₹36,000 దాకా వెళ్తుంది. కొత్త చట్టం నెత్తిన పిడుగేసిందని ఇప్పుడు గొణిగే యజమానుల్లో చాలామంది, నా లెక్కలో, 60 ఏళ్ల పాత బాకీనే కడుతున్నారు. ఇంకొకటి, కాంట్రాక్టు గడువు పెట్టి తీసుకున్నవాళ్లకి గ్రాట్యుటీ రావడానికి ఇప్పుడు అయిదేళ్లు అక్కర్లేదు, ఒక్క ఏడాది చాలు. ఆఫర్ లెటర్ పాత ఫార్మాట్‌నే కాపీ కొట్టి ఇచ్చేవాళ్లు ముందు ఆ లైను మార్చుకోవాలి.