మాలిబ్డినం డైసల్ఫైడ్: అపోహలు - వాస్తవాలు

మెకానిక్ షెడ్డులో మోలీ గ్రీజును నల్లగా చేసే పదార్థమే ల్యాబులో ట్రాన్సిస్టర్, రిఫైనరీలో ఉత్ప్రేరకం. ఒక్కో పొరలో గంధకం, మాలిబ్డినం, గంధకం అని మూడు వరుసల పరమాణువులు గట్టి బంధాలతో ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య బలహీనమైన వాన్ డర్ వాల్స్ ఆకర్షణే. అందుకే పూతరేకు మడతల్లా విడిపోతుంది. దీనితో పనిచేసేవాళ్ళు ముందు అడగాల్సినవి మూడు: ఎన్ని పొరలు, అంచు ఎంత, చుట్టూ గాలి ఎలాంటిది? ఈ అపోహలు చాలావరకు వీటిలో ఏదో ఒకటి మరిచిపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఇదీ గ్రాఫైటూ ఒకటే, ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చు.

వాస్తవం: ఈ తికమక పాతదే. మాలిబ్డినైట్ ఖనిజం గ్రాఫైట్ కాదని 1778లో కార్ల్ షీలే తేల్చాడు. కందెనగా రెండిటి స్వభావం ఎదురెదురు. గ్రాఫైట్ జారాలంటే గాలిలో తేమ ఉండాలి, శూన్యంలో అది త్వరగా అరిగిపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి వాతావరణంలో, శూన్యంలో బాగా జారుతుంది, తేమలో ఘర్షణ పెరుగుతుంది. ఉపగ్రహాల కదిలే భాగాలకు దీన్ని పూసేది అందుకే. గాలిలో సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆక్సైడుగా మారడం మొదలవుతుంది, ఆ తర్వాత కందెనగా పనికిరాదు.

అపోహ: ఒక్క పొర కోసం స్ఫటికాన్ని జిగురు టేపుకు అంటించి, ఆ టేపును ఎన్నిసార్లు మడిచి ఒలిస్తే అంత పల్చటి పొర వస్తుంది.

వాస్తవం: ఎక్కువ మంది చిప్పులు (పొరను దింపే సిలికాన్ ముక్కలు) పాడుచేసుకునేది ఇక్కడే. ఆవగింజంత స్ఫటికం ముక్క చాలు. టేపు మీద పెట్టి నాలుగు నుంచి ఆరు మడతలు వేయండి, మెరిసే బూడిదరంగు మచ్చలు పలచబడగానే ఆపేయండి. అంతకు మించితే రేకులు మందం తగ్గకుండా పక్కలకు చిరిగిపోతాయి, జిగురు కూడా అంటుకుంటుంది.

అసలు ఒలిచేది టేపు కాదు, చిప్పు. చివరి పొర చిప్పుకు అంటుకునే బలం, ఆ పొర తన పై పొరకు అంటుకునే బలాన్ని మించాలి. మధ్యలో నీటిపొర ఉంటే అది జరగదు. కాబట్టి 90 లేదా 285 నానోమీటర్ల ఆక్సైడు ఉన్న సిలికాన్ ముక్కను తీసుకోండి, ఒక్క పొర మైక్రోస్కోపులో కనిపించేది ఆ మందాల దగ్గరే. దాన్ని ఎసిటోన్‌లో 5 నిమిషాలు, ఐసోప్రొపనాల్‌లో 5 నిమిషాలు కడిగి, ఆక్సిజన్ ప్లాస్మాలో (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువులో) 2 నుంచి 5 నిమిషాలు ఉంచి, బయటికి తీసిన వెంటనే టేపు అంటించండి. బొటనవేలితో నొక్కి, హాట్‌ప్లేట్ మీద 100 డిగ్రీల దగ్గర ఒకటి రెండు నిమిషాలు పెట్టి, చల్లారాక మెల్లగా లాగండి. వేడి ఎక్కువైతే జిగురు మరకలు మిగులుతాయి. ప్లాస్మా అయ్యాక చిప్పును గంటసేపు బల్ల మీద వదిలేస్తే, ముఖ్యంగా వానాకాలంలో, మళ్ళీ తేమ పట్టి చేసిన శుభ్రం వృథా అవుతుంది.

అపోహ: రామన్‌లో (చెదిరిన లేజరు వెలుగును కొలిచే పరీక్షలో) రెండు శిఖరాల మధ్య తేడా 19 వస్తే అది కచ్చితంగా ఒకే పొర.

వాస్తవం: మంచి సూచనే గానీ అదొక్కటే రుజువు కాదు. శిఖరాలు సుమారు 384, 403 తరంగసంఖ్యల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో ఆ లెక్క) దగ్గర వస్తాయి. ఒక్క పొరకు తేడా 18 నుంచి 20, మందపాటి ముక్కకు 25 పైన. అయితే సాగదీత ఉంటే మొదటిది కదులుతుంది, ఎలక్ట్రాన్లు పెరిగితే రెండోది కదులుతుంది. ముందు సిలికాన్ 520.7 శిఖరంతో సరిచూసుకోండి. లేజరును అర మిల్లీవాటు లోపే ఉంచండి, లేకపోతే పొర కాలిపోతుంది. తర్వాత లేజరు పడినప్పుడు పొర 670 నానోమీటర్ల దగ్గర వెలువరించే ప్రకాశం కూడా చూడండి. ఏఎఫ్ఎంలో (సన్నని సూదితో ఎత్తు కొలిచే మైక్రోస్కోపులో) ఒక పొర ఎత్తు 0.65 నానోమీటర్లు ఉండాలి. చిప్పు నుంచి కొలిస్తే కింద చిక్కుకున్న నీటి వల్ల 1 కూడా దాటొచ్చు. పొర నుంచి పొరకు కొలవడం మేలు.

అపోహ: ఒక్క పొరకు బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం) డైరెక్ట్, అంటే నేరుగా వెలుగు ఇవ్వగలిగే రకం, కాబట్టి ఎల్‌ఈడీకి సిద్ధం.

వాస్తవం: మందపాటి స్ఫటికంలో గ్యాప్ ఇండైరెక్ట్, సుమారు 1.2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒకే పొరలో అది డైరెక్ట్ అయి, ప్రకాశం 1.85 దగ్గర వస్తుందని 2010లో తేలింది. కానీ ఒలిచిన పొర గ్రహించిన వెలుగులో తిరిగి ఇచ్చేది మామూలుగా ఒక శాతం కూడా ఉండదు. గంధకం పరమాణువులు లేని ఖాళీలు, అదనపు ఎలక్ట్రాన్లు దాన్ని మింగేస్తాయి. 2015లో అమెరికాలోని బర్క్లీ పరిశోధకులు ఒక సూపర్ ఆమ్లంతో దీన్ని 95 శాతం దాటించారు. ఆ శుద్ధి చేశాక మామూలు ద్రావకాలతో కడిగితే ఫలితం నిలవదు.

అపోహ: మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే అంకె) 200, ఇక సిలికాన్ పని అయిపోయింది.

వాస్తవం: 2011లో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో చేసిన ట్రాన్సిస్టర్ నుంచి వచ్చిన అంకె ఇది. రెండు గేట్ల (ప్రవాహాన్ని అదుపు చేసే ఎలక్ట్రోడ్ల) మధ్య కెపాసిటెన్స్ కలగలిసి అది ఎక్కువగా కనిపించిందని తర్వాత తేలింది. గది ఉష్ణోగ్రతలో కొన్ని పదులు వస్తే మంచి పరికరమే. దీని అసలు బలం పల్చదనంలో ఉంది. కొన్ని నానోమీటర్ల మందం లోపు సిలికాన్ ఉపరితలం గరుకై ఎలక్ట్రాన్లు దానికి తగిలి చెదురుతాయి, ఇక్కడ ఉపరితలం సహజంగానే నున్నన. పెద్ద అడ్డంకి కాంటాక్టు, అంటే లోహం పొరను తాకే చోటు. టైటానియం గంధకంతో చర్య జరిపి పొరను దెబ్బతీస్తుంది. మెల్లగా కూర్చునే బిస్మత్‌తో 2021లో కాంటాక్టు నిరోధాన్ని 123 ఓమ్-మైక్రోమీటర్లకు తగ్గించారు. కొలిచే ముందు పరికరాన్ని శూన్యంలో వేడిచేయండి. తేమ మిగిలితే గేటు వోల్టేజీని పైకీ కిందికీ తిప్పినప్పుడు వచ్చే విద్యుత్ ప్రవాహపు గీతలు కలవవు.

అపోహ: ఉత్ప్రేరకానికి విశాలమైన పొర కావాలి.

వాస్తవం: చదునైన ముఖం దాదాపు నిష్క్రియం, పని జరిగేది అంచుల దగ్గర. రిఫైనరీల్లో అల్యూమినా గుళికల మీద దీన్ని చిన్న చిన్న రేకులుగా, కోబాల్ట్ కలిపి ఉంచేది అందుకే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. విశాఖ రిఫైనరీతో సహా డీజిల్ హైడ్రోట్రీటర్లు చేసేది ఈ గంధకాన్ని తీసే పనే. గుళికలు ఆక్సైడు రూపంలో వస్తాయి, రియాక్టరులోనే డైమిథైల్ డైసల్ఫైడుతో సల్ఫైడుగా మార్చాలి. గంధకం చేరకముందే హైడ్రోజన్‌తో వేడి పెంచితే ఆక్సైడు క్షయకరణం చెంది చురుకుదనం పోతుంది. బయటికొచ్చే వాయువులో హైడ్రోజన్ సల్ఫైడ్ కనిపించాకే తర్వాతి మెట్టు ఉష్ణోగ్రతకు వెళ్ళాలి.