ఇంట్లో ఒక గది, అందులో పరాయి మనిషి

1910లో అమెరికాలో జనాభా లెక్కలు రాయడానికి ఇంటింటికీ తిరిగిన వాళ్ళకు ఒక సూచన ఇచ్చారు. డబ్బు తీసుకుని మనుషుల్ని ఇంట్లో పెట్టుకోవడమే ముఖ్యమైన ఆదాయమైతే దాన్ని వృత్తి కింద రాయాలి. వేరే సంపాదన ఉండి, దానికి తోడుగా కొద్దిమందిని పెట్టుకుంటే మాత్రం ఇంట్లో ఎవరి పేరు పక్కనా ఆ పని రాయకూడదు. ఆ కొద్దిమందికి పక్కలు వేసి, బట్టలు ఉతికి, వేళకు వండిపెట్టిన ఇల్లాలు అలా ఏ పనీ చేయని మనిషిగా లెక్కల్లోకి ఎక్కింది. ఎన్ని ఇళ్ళు ఆ డబ్బుతో నిలబడ్డాయో ఆ కాగితాలు చూసి చెప్పడం కష్టం.

హోమ్ లోన్ వాయిదా బరువైనప్పుడో, పిల్లలు పెద్దయి వెళ్ళిపోయినప్పుడో, ఉన్న గది ఎవరికైనా అద్దెకిద్దామా అన్న ఆలోచన ఇప్పటికీ చాలా ఇళ్ళలో వస్తుంది. దాని వెనకే మొహమాటమూ వస్తుంది. పొద్దున బాత్రూమ్ ముందు ఎవరికి, ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిది, అర్ధరాత్రి తాళం చప్పుడైతే వచ్చింది ఎవరు? ఈ టెన్షన్ ఎప్పటినుంచో ఉన్నదేమో అనిపిస్తుంది కానీ, దీని వయసు తక్కువే. నూట పాతికేళ్ళ కిందట పెద్ద నగరాల్లో కూలీ కుటుంబాలు గదులే కాదు, మంచాలు కూడా గంటల లెక్కన అద్దెకిచ్చేవి.

బెర్లిన్, వియన్నాల్లో ఫ్యాక్టరీలు లేచినంత వేగంగా ఇళ్ళు లేవలేదు. పల్లెల నుంచి పనికొచ్చిన కుర్రాళ్ళకు విడిగా గది తీసుకునే స్తోమత లేదు. ఇళ్ళున్న కుటుంబాలకు అద్దె కట్టడమే గగనం. ఇద్దరి అవసరమూ ఒక మంచం దగ్గర కలిసింది. ఇలా పడుకోవడానికి మాత్రమే వచ్చిపోయే మనిషిని జర్మన్‌లో 'ష్లాఫ్‌గెంగర్' అన్నారు. పగటి డ్యూటీ వాడు లేచి వెళ్ళగానే రాత్రి డ్యూటీ వాడు వచ్చి అదే పక్క మీద వాలేవాడు. పక్క చల్లారేది కాదు. అతను కొనుక్కున్నది కొన్ని గంటల నిద్ర. నిద్ర అయ్యాక ఆ ఇంట్లో కూర్చునే హక్కు కూడా ఉండేది కాదు.

బ్రిటన్‌లో 1867 సంస్కరణ చట్టం లాడ్జర్‌కు, అంటే ఇంకొకరి ఇంట్లో గది తీసుకుని ఉండే మనిషికి, పట్టణ నియోజకవర్గాల్లో ఓటు ఇచ్చింది. ఫర్నిచర్ లెక్క వేయకుండా గది విలువ ఏడాదికి కనీసం 10 పౌండ్లు ఉండాలి, మగవాడై ఉండాలి. గదిలో ఉన్న మగవాడికి ఓటు వచ్చింది. ఆ గది ఊడ్చి, అద్దె వసూలు చేసి, ఇల్లు నడిపిన ఆవిడకు పార్లమెంటు ఓటు రావడానికి 1918 దాకా పట్టింది, అదీ ముప్ఫై ఏళ్ళు నిండి, ఇంకొన్ని షరతులకు సరిపోతేనే.

అట్లాంటిక్ అవతల ఇదే ఏర్పాటు కొంతకాలానికి రోగంలా కనబడటం మొదలైంది. 1880ల చివర్లో న్యూయార్క్ బేయార్డ్ స్ట్రీట్‌లో జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత ఒక అర్ధరాత్రి తీసిన ఫొటో చూస్తే కారణం తెలుస్తుంది. పదమూడడుగులు కూడా లేని గదిలో పన్నెండు మంది ఉన్నారని ఆయన రాశాడు. కొందరు అటకలాంటి చెక్కల మీద, మిగతావాళ్ళు నేల మీద. ఫ్లాష్ వెలుగుకి కళ్ళు చికిలించుకుని కెమెరా వైపు చూస్తున్నారు. ఒక్కొక్కరు పడుకునే చోటుకి ఐదు సెంట్లు. ఇలాంటివి చూసిన సంస్కర్తలు 'లాడ్జర్ పీడ' అని మాట్లాడటం మొదలుపెట్టారు. ఇరుకు గదులు, క్షయ, ఆడపిల్లలున్న ఇంట్లో పరాయి మగాడు: అన్నింటికీ అతనే కారణమన్నారు. ఇరుకు నిజమే. కానీ అతని డబ్బు లేకపోతే ఆ కుటుంబం అద్దె ఎలా కట్టాలన్న ప్రశ్నకు ఆ మాటల్లో జవాబు తక్కువ.

తర్వాత లాడ్జర్లు తగ్గిపోయారు. జీతాలు పెరగడం ఒక కారణం. 1924 చట్టంతో అమెరికాకు వలసలు బాగా తగ్గడం ఇంకొకటి. ఊళ్ళో ఎక్కడ ఏ రకం ఇళ్ళు ఉండాలో చెప్పే జోనింగ్ నిబంధనలు మరొకటి. వీటిలో చాలావరకు ఒక ఇంటిని ఒక కుటుంబానికే పరిమితం చేశాయి. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని బెల్ టెర్ అనే చిన్న ఊళ్ళో, బంధుత్వం లేనివాళ్ళు ఇద్దరికి మించి ఒకే ఇంట్లో ఉండకూడదన్నారు. ఆరుగురు విద్యార్థులు కలిసి ఇల్లు తీసుకోవడంతో గొడవ సుప్రీంకోర్టుకెళ్ళింది. 1974లో కోర్టు ఊరి పక్షానే నిలిచింది.

బ్రిటన్‌లో తగాదా వేరు. అక్కడ అసలు భయం, ఒకసారి లోపలికి వచ్చిన మనిషి బయటకు వెళ్ళడేమోనని. 1974 రెంట్ చట్టం ఫర్నిచర్‌తో ఇచ్చిన గదుల్లోని అద్దెదారులకూ రక్షణ ఇచ్చింది. అయితే ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటే ఆ పూర్తి రక్షణ వర్తించదని మినహాయింపు పెట్టింది. అది లేకపోతే గది ఇచ్చే ధైర్యం ఎవరు చేస్తారు? అప్పుడు కొందరు ఓనర్లు తెలివి చూపించారు. ఇంట్లో లేకపోయినా, కాగితం మీద 'అద్దె' అనకుండా 'లైసెన్స్', అంటే ఉండటానికి అనుమతి మాత్రమే, అని రాయించుకున్నారు. 1985లో స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫోర్డ్ కేసులో న్యాయమూర్తి లార్డ్ టెంపుల్‌మన్ దీన్ని తేల్చేశారు. మట్టి తవ్వడానికి ఐదు పళ్ళ పనిముట్టు చేసి, దాన్ని పార అని ఎంత పిలిచినా అది పార కాదన్నారు. ఓనరు ఏదో ఒక సేవ చేస్తూ, అందుకోసం ఎప్పుడైనా గదిలోకి రాగలిగితే ఉండేవాడు లాడ్జర్. గది పూర్తిగా అతని చేతికిచ్చేస్తే అద్దెదారు.

గది ఇచ్చేవాళ్ళకు పన్ను రాయితీ అన్న ఆలోచన డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు వచ్చింది. 1989 అక్టోబర్‌లో బ్రిటన్ బ్యాంకు వడ్డీ రేటు 15 శాతానికి చేరింది. 1991 ఒక్క ఏడాదిలోనే అప్పు కట్టలేక 75 వేలకు పైగా ఇళ్ళు పోయాయి. 1992 ఏప్రిల్ నుంచి 'రెంట్ ఎ రూమ్' పథకం వచ్చింది. సొంతంగా ఉంటున్న ఇంట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 3,250 పౌండ్ల దాకా పన్ను లేదన్నారు. 1997లో అది 4,250, 2016లో 7,500 అయింది. ఒకప్పుడు పీడ అనిపించుకున్న మనిషే ఇప్పుడు ప్రభుత్వం పన్ను వదులుకుని మరీ ఇంట్లో పెట్టుకోమనే మనిషి అయ్యాడు. 2013లో ప్రభుత్వ ఇళ్ళల్లో ఉంటూ అద్దె కట్టడానికి సాయం తీసుకునే వాళ్ళకు ఒక గది ఎక్కువ ఉంటే 14 శాతం, రెండో ఆపైనో ఉంటే 25 శాతం సాయం కోసినప్పుడు, లోటు పూడ్చుకోవడానికి చెప్పిన దారుల్లో లాడ్జర్‌ను పెట్టుకోవడం కూడా ఉంది. గది ఎవరికో ఇవ్వడం ఎవరికైనా ఇష్టమైతే బాగుంటుంది కానీ, బలవంతంగా ఇవ్వాల్సి రావడం వేరు.

ఈలోగా 2007లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు అద్దె కట్టలేక, డిజైన్ సదస్సుకి వచ్చిన వాళ్ళకు హాల్లో గాలి పరుపులు వేసి డబ్బు తీసుకున్నారు. దాని నుంచే ఎయిర్‌బీఎన్‌బీ అనే ఆన్‌లైన్ అద్దె సంస్థ పుట్టింది. దాంతో నెలల తరబడి ఉండే లాడ్జర్‌కు, రెండు రాత్రులుండి పోయే టూరిస్టుకు తేడా పలచబడింది. సెలవులకు వెళ్తూ ఇల్లంతా టూరిస్టులకిచ్చిన ఓనరుకీ అదే పన్ను రాయితీ దొరికే వీలుంది. 2018లో బ్రిటన్ ప్రభుత్వం దీన్ని సరిచేద్దామనుకుంది. అద్దెకున్న రోజుల్లో కొంతకాలమైనా ఓనరు ఆ ఇంట్లోనే పడుకోవాలన్న షరతు ముసాయిదాలో పెట్టింది. ఆ ఏడాది అక్టోబర్ బడ్జెట్‌లో ఆ షరతును వెనక్కి తీసుకుంది.