మెట్ల దగ్గర స్విచ్చు చేసే కూడిక

మేడ మెట్లకి కింద ఒకటి, పైన ఒకటి స్విచ్చులుంటాయి. వాటి వైరింగు ఇలా ఉందనుకోండి: రెండూ ఒకే వైపు ఉంటే బల్బు ఆరుతుంది, చెరో వైపు ఉంటే వెలుగుతుంది. స్విచ్చు పైకి ఉంటే 1, కిందికి ఉంటే 0. ఒకటి, సున్నా కలిస్తే 1, బల్బు వెలిగింది. మరి 1కి 1 కలిపితే? 0, 1 అనే రెండే అంకెలుండే ద్విసంఖ్యామానంలో జవాబు 10. ఒకట్ల స్థానంలో సున్నా, బల్బు ఆరిపోయింది! పక్క స్థానానికి వెళ్లే 1 కోసం, రెండు స్విచ్చులూ పైకి ఉన్నప్పుడే వెలిగే ఇంకో బల్బు పెట్టండి. కూడికల యంత్రం తయారైనట్టే.

1937 నవంబరులో జార్జ్ స్టిబిట్జ్ చేసింది ఇదే. ఆయన అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో గణిత శాస్త్రవేత్త. పాత టెలిఫోన్ రిలేలు రెండు ఇంటికి పట్టుకెళ్లారు. రిలే అంటే చేత్తో నొక్కనక్కర్లేని స్విచ్చు. తీగచుట్టలో కరెంటు పారగానే అది అయస్కాంతమై ఇనప రేకును లాక్కుంటుంది, కాంటాక్టు కలుస్తుంది. ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో అప్పుడప్పుడూ టక్‌మని వినపడేది దాని చప్పుడే. ఆ రెండు రిలేలకి బ్యాటరీ, టార్చి బల్బులు, పొగాకు డబ్బా కత్తిరించిన రేకు ముక్కలు జోడించి, వంటింటి బల్ల మీద కూడిక చేయించారు. కిచెన్‌లో పుట్టింది కాబట్టి ఆయన భార్య డొరోతియా దానికి ‘మోడల్ కె’ అని పేరు పెట్టారు.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో రిలేలు అప్పటికే ఏళ్ల తరబడి టకటకమంటున్నాయి. ఫోన్లు కలిపే ఆ వస్తువులోనే అంకెను చూడగలగడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. అదే ఏడాది ఎంఐటీలో 21 ఏళ్ల క్లాడ్ షానన్, స్విచ్చుల సర్క్యూట్లకీ, నిజం-అబద్ధాలను 1, 0లుగా లెక్కించే జార్జ్ బూల్ తర్కగణితానికీ లెక్క ఒకటేనని తన ఎంఎస్ థీసిస్‌లో నిరూపించాడు. అప్పటిదాకా అనుభవం మీద సాగిన వైరింగు పనికి ఒక గణితం దొరికింది.

బెల్ ల్యాబ్స్‌కి ఇది అవసరం కూడా. టెలిఫోన్ లైన్ల ఫిల్టర్ల డిజైనుకి రెండేసి భాగాలుండే సంకీర్ణ సంఖ్యల గుణకారాలు కుప్పలుగా ఉండేవి, వాటిని మనుషులు బల్ల మీది క్యాలిక్యులేటర్లతో చేసేవారు. ఇంజనీరు శామ్యూల్ విలియమ్స్‌తో కలిసి స్టిబిట్జ్ దాదాపు 450 రిలేలతో ఒక యంత్రం కట్టారు. 1940 జనవరికల్లా అది పనిలోకి దిగింది.

ఆ సెప్టెంబరు 11న డార్ట్‌మత్ కాలేజీలో గణితవేత్తల సభ. యంత్రం న్యూయార్క్‌లోనే ఉంది. సభలో టెలిటైప్ (తీగ మీద అక్షరాలు పంపే టైపు యంత్రం) మీద లెక్క కొడితే, టెలిఫోన్ తీగ మీదుగా వెళ్లి, జవాబు అదే టెలిటైప్ మీద అచ్చయి వచ్చింది. చూసినవాళ్లలో భౌతిక శాస్త్రవేత్త జాన్ మాక్లీ ఒకరు. ఆరేళ్లు తిరక్కుండానే ఇంజనీరు ఎకర్ట్‌తో కలిసి ఆయన కట్టిన ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్ లోకానికి కనపడింది. లెక్క చేసే చోట రిలేల బదులు, కదిలే భాగం లేకుండానే స్విచ్చుల్లా పనిచేసే వాక్యూమ్ ట్యూబులు, సుమారు 18,000. ఇనప రేకు కదిలేదాకా ఆగే పని లేదు, సెకనుకి 5,000 కూడికలు.