కోనసీమ రైలు: అడగని రోజుల్లో వచ్చింది, అడుగుతుంటే ఆగింది

పార్లమెంటు సమావేశాలు వచ్చాయంటే అమలాపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక కాగితం తిరుగుతుంది. పైన రైల్వే మంత్రిత్వ శాఖ పేరు, కింద నాలుగు ముక్కలుగా ఒక ప్రశ్న, దాని కింద అర పేజీ జవాబు. కోటిపల్లి–నరసాపురం కొత్త లైను ఎంతవరకు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎప్పటికి పూర్తవుతుంది అని ఎంపీ అడుగుతారు. మంత్రి రాతపూర్వకంగా జవాబిస్తారు. అందులో ఒక్క వాక్యం పట్టుకుని ఊళ్లో రెండు పక్షాలు తయారవుతాయి. రాష్ట్రం తన వాటా కట్టలేదు కాబట్టే ఆగిందని ఒకరు, కేంద్రం వంక పెడుతోందని ఇంకొకరు. ఇప్పుడు మళ్ళీ అదే గొడవ.

దీన్ని కాటన్ దొర దగ్గర్నుంచి ఎత్తుకోవడం నాకు ఇష్టం లేదు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వచ్చిందనీ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీక్కుపోయారనీ, 2004లో మళ్ళీ నడిచిందనీ ఇక్కడ అందరికీ తెలిసిందే. గొడవంతా కోటిపల్లి రేవు దాటాక మొదలయ్యే 57 కిలోమీటర్ల గురించి. మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ. మూడు పాయలు, మూడు పెద్ద వంతెనలు.

ఈ లైను 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. అప్పుడు రైల్వే మంత్రి మమతా బెనర్జీ, అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఆయన లోక్‌సభ స్పీకర్ కూడా. ఇక్కడొక తమాషా ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. స్పీకర్ ప్రశ్నలు వేయరు. ఏ ప్రశ్నను అనుమతించాలో, దేన్ని తోసిపుచ్చాలో చూసే కుర్చీ ఆయనది. మంత్రిని నిలదీసే పని మిగతా సభ్యులది. అంటే కోనసీమకు రైలు మంజూరైన రోజున కోనసీమ ఎంపీకి రైలు గురించి ప్రశ్న వేసే వీల్లేదు.

లైనుకు రెండో కొసన ఉన్నది నరసాపురం. అక్కడి ఎంపీ కృష్ణంరాజు. 2000 సెప్టెంబరులో ఆయన కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు. మంత్రులు జవాబులు చెబుతారు, ప్రశ్నలు వేయరు. అలా కొన్నాళ్లు లైను ఈ కొస ఎంపీకీ, ఆ కొస ఎంపీకీ కూడా ప్రశ్న వేసే అవకాశం లేదు. లేకపోతే ఏం? 29 మంది ఎంపీలున్న తెలుగుదేశం పార్టీ బయటి నుంచి వాజ్‌పేయి ప్రభుత్వాన్ని నిలబెడుతున్న రోజులవి. ఆ బలం ఉన్నవాళ్లు కాగితం మీద రాసి అడగాల్సిన పనిలేదు.

నా లెక్కలో ఈ కథంతా తిరిగిన రోజు 2002 మార్చి 3. భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలి బాలయోగి చనిపోయారు. ఆయన పోవడం వల్లే రైలు ఆగిందని కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. నేనైతే ఆ మాట అలా చెప్పను. ఆయన ఉన్నా మూడు వంతెనలు రెండేళ్లలో లేచేవి కావు. మారింది అడిగే తీరు. ఆ రోజు దాకా కోనసీమ రైలు అధికారంలో ఉన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకునే విషయం. ఆ తర్వాత అది పార్లమెంటులో ప్రశ్న అయింది.

ఉప ఎన్నికలో బాలయోగి భార్య విజయకుమారి గెలిచారు. తర్వాత హర్షకుమార్ రెండుసార్లు, పండుల రవీంద్రబాబు, చింతా అనురాధ. పార్టీలు మూడు మారాయి. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఒకే పార్టీ ఉన్న కాలమూ గడిచింది, రెండు చోట్లా పడని కాలమూ గడిచింది. లైను మాత్రం ‘పురోగతిలో ఉంది’.

ప్రశ్న అనగానే సభలో లేచి నిలబడి గద్దించడం అనుకుంటాం. అది వేరే రకం. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు రోజుకు 20. వాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, మంత్రిని కాస్త ఇరుకున పెట్టొచ్చు. గుర్తు లేనివి రోజుకు 230. వాటికి జవాబు కాగితమే. అనుబంధ ప్రశ్న ఉండదు. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న 150 మాటలు దాటకూడదు, ఆపైన లాటరీ. ఒక సభ్యుడి పేరు మీద రోజుకు ఐదు ప్రశ్నలకు మించి రావు. రైల్వే వంతు బుధవారం. ఆ రోజు మధ్యాహ్నానికి జవాబు వెబ్‌సైట్‌లో ఉంటుంది, సాయంత్రానికి అమలాపురంలో.

ఆ జవాబులు వరసగా పెట్టుకుని చదివితే మొదట కంటికి తగిలేది ఒక చిన్న పద్ధతి. ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని నాలుగు ముక్కలుంటాయి. మొదటిది ఎంత పని అయిందని, చివరిది ఎప్పుడు అవుతుందని. జవాబు మాత్రం ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని మొదలై ఒకే ముద్దగా సాగుతుంది. ‘ఎప్పుడు’ అన్నది ఆ ముద్దలో ఎక్కడో కలిసిపోతుంది.

రెండోది, రైల్వే ప్రాజెక్టు పూర్తి కావడం చాలా విషయాల మీద ఆధారపడి ఉంటుందనే జాబితా. రాష్ట్రం త్వరగా భూమి సేకరించి ఇవ్వడం, అటవీ శాఖ అనుమతులు, ఖర్చు పంచుకునే ప్రాజెక్టుల్లో రాష్ట్రం తన వాటా జమ చేయడం, అడ్డొచ్చే కరెంటు స్తంభాలూ గొట్టాలూ పక్కకు జరపడం, నేల తీరు, శాంతిభద్రతలు, వాతావరణాన్ని బట్టి ఏడాదిలో పని జరిగే నెలలు. దేశంలో ఏ మూల లైను గురించి అడిగినా ఇదే జాబితా. కొండలూ అడవులూ ఉన్న చోటికి రాసిన జవాబు కొబ్బరి తోటల మధ్యకు కూడా వస్తుంది. కోనసీమలో కొండ ఎక్కడుందో నాకైతే తెలీదు. ఒక్క మాట నిజమే, పని జరిగే నెలలు తక్కువ. జులై నుంచి గోదారి ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఇక్కడెవరూ మర్చిపోలేదు.

మూడోది అసలు కిటుకు. మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం’ అన్నారనుకోండి, అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని రాసుకుంటుంది, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే మళ్ళీ అడుగుతుంది. ‘ఫలానా ఫలానా వాటి మీద ఆధారపడి ఉంటుంది’ అంటే అది హామీ కాదు. తేదీ లేదు, మాట ఇవ్వలేదు, కమిటీ పట్టుకోవడానికి కొస దొరకదు. జవాబు ఉంటుంది, దానికి బాధ్యత ఉండదు.

కాకపోతే ప్రశ్న అన్ని శాఖల దగ్గరా ఇలాగే నీరుగారిపోదు. ఇదే ప్రాంతం ఎంపీ కొబ్బరి మద్దతు ధర గురించి అడిగితే వ్యవసాయ శాఖ నుంచి లెక్క దొరుకుతుంది. నూనె ఆడించే ఎండు కొబ్బరి (మిల్లింగ్ కోప్రా) క్వింటాలుకు 2025 సీజన్‌కు రూ.11,582 అని. అంబాజీపేట వ్యాపారి దాన్ని మార్కెట్ ధర పక్కన పెట్టి చూసుకోవచ్చు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత పెట్రోలియం శాఖను అడగాల్సినవి విచారణ, పరిహారం, గొట్టాల మార్పు. ప్రతిదానికీ ఒక జవాబు ఉండి తీరాలి. రైలు దగ్గరకొచ్చేసరికే ‘ఆధారపడి ఉంటుంది’. ఇక్కడి గ్యాసు కొండపల్లి దాకా గొట్టంలో వెళ్లగలిగింది, అక్కడి రైలు ఇక్కడికి రాలేకపోయిందని ఊళ్లో అంటుంటారు. గొట్టానికి గోతులు తవ్వితే చాలు, రైలుకు నది మీద వంతెన కావాలి, రెండూ ఒకటి కావు. అయినా ఆ మాటలో ఉక్రోషం ఎందుకో అర్థమవుతుంది.

ఇక వాటా గొడవ. ఈ లైను ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలి. రైల్వే వాదన చిన్నది. ఒప్పుకున్నారు, కట్టలేదు. కాగితం మీద అది బలమైన వాదనే, అందుకే ప్రతి జవాబులోనూ ఆ మాట తప్పదు.

రాష్ట్రం వైపు మాట ఇంకాస్త పొడుగు. మంజూరు తర్వాత ఏళ్ల తరబడి నిధులు చుక్కచుక్కగా విదిల్చింది రైల్వేనే. ఆ ఆలస్యంలో ఖర్చు పెరిగింది, ఇప్పుడు అంచనా రూ.2 వేల కోట్లు దాటింది. నాలుగో వంతంటే రూ.500 కోట్లు పైమాటే. మంజూరైన కొత్తలోనే పని సాగి ఉంటే వాటా కూడా ఇంత ఉండేది కాదు. పైగా ఇది బీడు భూమి కాదు. ఎకరం కొబ్బరి తోట తీసుకుంటే భూమి ధర వేరు, చెట్టు ధర వేరు. చెట్టు ఏడాది పొడవునా కాయ దింపుతుంది. లంకల్లో భూమి చేతులు మారేదే అరుదు, అమ్మితే మళ్ళీ కొనలేమని రైతు ఏ ధరకీ ఒక పట్టాన ఒప్పుకోడు. 2014లో విడిపోయిన రాష్ట్రం లోటు బడ్జెట్‌తో మొదలైంది. పోలవరం, రాజధాని, జీతాలు అన్నీ ముందు వరసలో నిలబడ్డాక కోనసీమ రైలు వాటా వెనక వరసలోకి పోయింది. ఖర్చంతా కేంద్రమే పెట్టుకోవాలన్న డిమాండ్ ఇందులోంచే వచ్చింది.

ఇవన్నీ నిజాలే. ఒక్కటే చిక్కు. ఈ పాతికేళ్లలో రాష్ట్రాన్ని ఏలిన పార్టీలన్నీ ఈ వాదనే చెప్పాయి, ప్రతిపక్షంలోకి రాగానే అందరూ రైల్వే వాదన ఎత్తుకున్నారు.

మధ్యలో ఇంకొకటి మారింది. 2016 దాకా రైల్వేకు వేరే బడ్జెట్ ఉండేది. ఫిబ్రవరిలో ఆ రోజు టీవీ ముందు కూర్చుని మంత్రి ప్రసంగంలో కోటిపల్లి పేరు వస్తుందా అని చూసేవాళ్లం. రాకపోతే మర్నాడు పేపర్లో ‘మొండిచెయ్యి’ అని పెద్దక్షరాలు. 2017 నుంచి అది సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. ఏ లైనుకు ఎంత ఇచ్చారో పట్టికల్లో వెతుక్కోవాలి. దాంతో లిఖితపూర్వక ప్రశ్నకు గిరాకీ పెరిగింది, ఎందుకంటే లైను పేరు, అంకె, రెండూ ఒక చోట దొరికేది ఆ కాగితంలోనే. చిత్రమేమిటంటే నదిలో స్తంభాలు లేచింది కూడా ఆ తర్వాతే. గౌతమిలో, వైనతేయలో, వశిష్ఠలో కాంక్రీటు స్తంభాలు నిలబడ్డాయి. వాటి మీద పట్టాలు లేవు.

2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. జిల్లా కేంద్రంలో రైల్వే స్టేషన్ లేదు. హైదరాబాద్ రైలు ఎక్కాలంటే అమలాపురం వాళ్లు సూట్‌కేసుతో బస్సెక్కి రాజమండ్రికో మరో ఊరికో పోవాల్సిందే. నరసాపురం వైపు చూస్తే భీమవరం మీదుగా జోడు లైను పడింది, కరెంటు వచ్చింది. ఆ రైళ్లు నరసాపురం దాకా వచ్చి ఆగి వెనక్కి తిరుగుతాయి. ఇటు కాకినాడ నుంచి వచ్చే లైను కోటిపల్లిలో అయిపోతుంది.

2024 ఎన్నికల తర్వాత లెక్క మళ్ళీ 2000 నాటి వరసకు దగ్గరగా వచ్చింది. అమలాపురం ఎంపీ బాలయోగి కొడుకు హరీష్ మాధుర్. నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాస వర్మ కేంద్రంలో సహాయ మంత్రి, కాబట్టి అప్పటి కృష్ణంరాజులాగే ఆయనా ప్రశ్న వేయలేరు. 16 మంది ఎంపీలతో తెలుగుదేశం మళ్ళీ కేంద్ర ప్రభుత్వానికి ఊతం, ఈసారి లోపలే ఉంది. తేడా ఒక్కటే. తండ్రి స్పీకర్ కుర్చీలో ఉన్నందువల్ల అడగలేదు. కొడుక్కి అడిగే హక్కు ఉంది. అధికార కూటమి ఎంపీ చేతిలో కూడా ఇవాళ మిగిలింది 150 మాటల కాగితమేనా అన్నది ప్రత్యర్థులు వేస్తున్న ఎత్తిపొడుపు. దానికి ఆయన వైపు వాళ్ల జవాబు, ప్రశ్న వేస్తేనే కదా వాటా మాట బయటికొచ్చిందని. అదీ కొట్టిపారేయలేం.

ఇంతకీ ఆ వాటా కట్టాల్సింది ఢిల్లీలో కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కూడా నక్షత్రం గుర్తు లేని ప్రశ్నలున్నాయి, ఆర్థిక మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఏ ఏడాది బడ్జెట్‌లో ఎంత కేటాయించారు, అందులో రైల్వేకు ఎంత జమ చేశారు, లేకపోతే కారణమేమిటి. మూడు ముక్కల ప్రశ్న. కోనసీమలో ఎమ్మెల్యేలకు కొదవ లేదు. వాట్సాప్‌లో మాత్రం ఢిల్లీ కాగితమే తిరుగుతోంది.