సయావ్: పోలిక చాలని ఒక నాట్య పదం

ఫిలిప్పీన్స్ దీవుల్లో 170కి పైగా భాషలున్నాయి. మనీలా పరిసరాల్లోని తగలోగ్‌లో నాట్యాన్ని ‘సయావ్’ అంటారు. సముద్రం దాటి సెబువానో భాష మాట్లాడే సెబు దీవికి వెళ్లినా, సమార్, లేతె దీవుల్లో వరాయ్ మాట్లాడేవారిని అడిగినా వినిపించేది ఆ మాటే. ఇవన్నీ ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబంలో దగ్గరి చుట్టాలు కనుక, ఈ పదం ఉమ్మడి మూలభాష నుంచి వారసత్వంగా వచ్చిందనుకోవడం సహజమే గాని, భాషాశాస్త్రం అంత తొందరగా ఒప్పుకోదు.

ఎందుకంటే భాషల చుట్టరికాన్ని గట్టిగా రుజువు చేసేది పోలిక కంటే క్రమం తప్పని తేడా. మన పాలు కన్నడంలో హాలు అయినట్టు, తగలోగ్‌లో ‘ఉగత్’ అనే నరం ఇలొకానోలో ‘ఉరత్’, పంగసినాన్‌లో ‘ఉలత్’, కపంపాంగన్‌లో ‘ఉయత్’. రక్తాన్ని కూడా ఈ చివరి మూడు భాషలూ ‘దర’, ‘దల’, ‘దయ’ అంటాయి. మూలభాషలోని ఒకే ధ్వని ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టిందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

‘సయావ్’లో అలా మారే ధ్వని ఒక్కటీ లేదు. తగలోగ్‌లోనూ సెబువానోలోనూ స, య, వ ధ్వనులు చాలావరకు పాత రూపంలోనే నిలిచాయి కాబట్టి, తాతల నాటి పదమైనా, నిన్నమొన్న పక్క దీవి నుంచి అరువు తెచ్చుకున్నదైనా చెవికి ఒకేలా తగులుతుంది. నర్తకిని రెండు భాషలూ ‘మననయావ్’ అంటాయి. ఉపసర్గ చేరగానే సకారం నకారమైంది. పదం వ్యాకరణంలో బాగా ఇమిడిపోయిందని దీన్నిబట్టి తెలుస్తుందే తప్ప, పుట్టుక తేలదు. నాట్యానికే వాడే మరో మాట ‘బైలె’ స్పానిష్ సొత్తని మాత్రం సందేహం లేకుండా చెప్పవచ్చు. 1565లో మొదలైన స్పెయిన్ పాలన ఇలాంటి మాటలను ఎన్నింటినో మిగిల్చిపోయింది.

పైగా నాట్యం పేరు రక్తం, నరం పేర్లంత స్థిరంగా ఉండదు. సెబువానోకు దగ్గరి చుట్టమైన హిలిగైనోన్‌లో ‘సఒత్’, ఇలొకానోలో ‘సల’, కపంపాంగన్‌లో ‘తెరక్’ అంటారు. దక్షిణాన తౌసుగ్‌లో ‘పంగలయ్’, సామ భాషలో ‘ఇగల్’ అనేవి ప్రత్యేక నాట్య సంప్రదాయాల పేర్లు కూడా.

లుజోన్ దీవి ఉత్తరాన కొండల్లో ఉండే ఇబలోయ్ తెగవారు తమ నాట్యాన్ని ‘తయావ్’ అంటారు. తేడా ఒక్క అక్షరమే కదా అని దీన్ని ‘సయావ్’తో ముడిపెట్టాలనిపిస్తుంది. అయితే తగలోగ్ సకారానికి బదులు ఇబలోయ్‌లో తకారం వచ్చే జంటలు మరికొన్ని పదాల్లో దొరికేదాకా ఆ ముడి నిలవదు.