నోట్‌బుక్ నిండా లాస్ట్ సీన్‌లు

హనుమకొండ అదాలత్‌లో పద్దెనిమిదేళ్లుగా వకీలుగా ఫ్యామిలీ కేసులు చూస్తున్నా. ఈ నెలలో ఇది నాలుగోసారి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే "మేడం, ఆమెకు ఎవరో ఉన్నరు, అదే రాయండి, విడాకులు జల్దీ అయితయట" అన్నారు. ఎవరు చెప్పారంటే బస్టాండ్ కాడ చాయ్ తాగుతుంటే ఎవరో చెప్పారట.

అపోహ: సంబంధం అంటగడితే కేసు గెలుస్తాం.

వాస్తవం: చాలామంది అది రాసే మునుగుతారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13లో అది విడాకులకు కారణమే, కాదనను. కానీ రాసినవాళ్లే రుజువు చేయాలి. చేయలేకపోతే కేసు పోవడంతో ఆగదు, ఆధారం లేకుండా భార్య శీలం మీద నింద వేయడమే మానసిక క్రూరత్వమని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది, అంటే మీరు సంతకం పెట్టిన కాగితమే రేపు ఆమెకు సాక్ష్యం.

వివరాలు మార్చి ఒకటి చెప్తా. జగిత్యాల వైపు అతను, దుబాయ్‌లో పని, సెలవు మీద వచ్చాడు. సంచిలోంచి పిల్లల రెండొందల పేజీల నోట్‌బుక్ తీశాడు. భార్య వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించిందో, ఆ లాస్ట్ సీన్‌లు ఏడు నెలలవి, తేదీల వారీగా, పదకొండు దాటితే ఎర్ర పెన్నుతో. ప్రతి అంకెకూ గంటన్నర కలిపాడు, దుబాయ్ మనకంటే వెనక కదా అని. "మరి అక్కడ నీ ఫోన్‌లో ఏ టైం పెట్టుకున్నవ్ తమ్ముడూ?" అన్నా. ఇంటికి మాట్లాడడానికి వీలుగా ఉంటుందని ఇండియా టైమే పెట్టుకున్నాడట! పదీ నలభైకి బీడీల చాట పక్కన పెట్టి పడుకున్న మనిషిని పన్నెండూ పది దాకా మేలుకో పెట్టాడు పాపం. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, ఏడు నెలలు క్యాంపు రూంలో పై బెడ్ మీద పడుకుని లెక్కలు రాసుకున్నవాడి మొహం అట్లుంటది.

వద్దన్నా వినలేదు. వేరే వకీలు దగ్గరికి పోయి, ఆమెకు బీడీల పని ఇచ్చే టేకేదారు (కాంట్రాక్టరు) తోనే సంబంధం ఉందని రాయించాడు. పరువు పోయిందని టేకేదారు ఆమెకు ఆకు, తంబాకు ఇవ్వడం బంద్ చేశాడు. రెండేళ్ల తర్వాత ఇతని కేసు కొట్టేశారు, క్రూరత్వం కింద ఆమె వేసింది నిలబడింది.

డీఎన్ఏ గురించి కూడా ఇదే తొందర. "టెస్టు చేయిస్తే తెలిసిపోతది" అంటారు, బిడ్డ బయట బెంచీ మీద కూర్చుని బిస్కెట్ తింటుంటే. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అన్నది చట్టం లెక్క. ఆ రోజుల్లో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని చూపిస్తే తప్ప అది మారదు. భార్య మీద అనుమానం తీర్చుకోవడానికి మామూలుగా పిల్లలకు టెస్టులు చేయించొద్దని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది.

మిగతావి గబగబా. సంబంధం పెట్టుకుంటే జైలు? దాన్ని నేరమన్న పాత ఐపీసీ 497 సెక్షన్ 2018 సెప్టెంబరులోనే పోయింది, 2024లో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షా చట్టంలోనూ లేదు. చాటుగా చేసిన రికార్డింగ్ చెల్లదా? భార్యాభర్తల కేసుల్లో చూడొచ్చని 2025 జూలైలో తీర్పు వచ్చింది, కానీ కోర్టు వినడం వేరు, నమ్మడం వేరు. ఒక్కసారి తప్పు చేసిందని భరణం పోతుందా? అట్లా కాదు, ఆ సంబంధంలో బతుకుతోందని తేలాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న ఇడుపు కాయితం (విడిపోయామన్న కాగితం) చెల్లుతుందా? మీ కులంలో ఆ ఆచారం ఉందని రుజువు చేయగలిగితే సరే, లేకపోతే రెండో పెళ్లి చేసుకున్న రోజు ఇరుక్కుంటారు.

అనుమానం ఉన్నవాళ్లందరూ చెడ్డవాళ్లేం కాదు, కొందరి అనుమానం నిజం కూడా అవుతుంది. అప్పుడు కూడా ఇద్దరూ ఒప్పుకుని పరస్పర అంగీకారం మీద విడిపోతే, ఎవరి పేరూ కాగితం మీదికి రాదు. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతున్నా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నా ఫీజు కూడా మిగులుతుంది.

ఆమెకు మళ్లీ ఆకు ఇస్తున్నది వేరే టేకేదారు, రెండు ఊళ్ల అవతల. పొద్దున ఆరు గంటల బస్సుకు పోతుంది.